ఇంటి యంత్రానికి ఇంటి వైద్యం

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నారు పెద్దలు. మా విషయంలో ఈ క్రమం తలక్రిందులైనది. ముప్పయి సంవత్సరాలకు పైగా మన సంస్థలో పెద్ద పెద్ద పంపులను, మోటార్లను విప్పించి, బాగు చేయించి, తిరిగి బిగించిన అనుభవం మాకున్నది. వాటిలో ప్రతి ఒక్కదాని చరిత్ర రిజిస్టరులలో భద్రంగా ఉన్నది. కాని మా ఇంటి వెనుక వరండాలో తొమ్మిదేళ్లుగా బట్టలుతుకుతున్న సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీను వెనుక మూత లోపల ఏమున్నదో గత వర్షాకాలం వరకు మేము చూచి ఎరుగము. ఆ మూతను విప్పవలసి వచ్చిన సందర్భాన్ని, విప్పిన తరువాత నేర్చుకొన్న పాఠాలను ఉద్యోగ మిత్రులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకొనవలెనన్నదే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మేము ఉద్యోగరీత్యా నివసిస్తున్న ఊరు హిజ్లీ. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న ప్రాంతమిది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ రాజకీయ ఖైదీల కొరకు నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పినది. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో నిరాయుధులపై జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులైనారు. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట ఆ భవనాన్ని ఎవరూ కూల్చివేయలేదు. దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. 1951లో ప్రారంభమైనది ఆ ప్రాంగణంలోనే. 1990 నుండి ఆ పాత భవనంలో నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక మ్యూజియం నడుస్తున్నది.

ఖరగ్‌పూర్‌తో తెలుగువారి అనుబంధం కూడ పాతదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడ స్థిరపడినవి. ఆ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిన వరాహగిరి వేంకటగిరి గారు తదుపరి కాలంలో రాష్ట్రపతి కావడం మనకందరకు తెలిసినదే. ఇక్కడి రైల్వే వర్క్‌షాపు దేశంలోని అతి పెద్ద వర్క్‌షాపులలో ఒకటి. అరిగిన భాగాన్ని మార్చి, మిగిలిన దానిని నిలబెట్టడమే అక్కడి నిత్యకృత్యం. ఆ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ఒకరు మా వీథిలోనే ఉన్నారు. వారి తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చినవారట. వయస్సు డెబ్బది దాటినది. మేము వారిని "బాబాయి గారూ" అని పిలుస్తాము.

రోగం ఒకటి, వైద్యం ఒకటి

మా శ్రీమతికి అంతకు ముందటి సంవత్సరం కుడిచేతి మణికట్టు విరిగినది. ఎముక అతుక్కొన్నది గాని, తడి బట్టను పిండే బలం ఆ చేతికి తిరిగి రాలేదు. అందుచేత మా ఇంట వాషింగ్ మెషీను విలాస వస్తువు కాదు, ఆమెకు రెండవ కుడిచేయి వంటిది. శ్రావణ మాసంలో, ముసురు పట్టిన ఒక ఉదయం, ఆ యంత్రం మూలుగుతూ నిలిచిపోయినది. టైమరు తిరుగుతున్నది, మోటారు "హుం" అంటున్నది, టబ్బులోని పల్సేటరు మాత్రం కదలడం లేదు.

కబురు పెట్టగా ఒక మెకానిక్కు వచ్చినాడు. స్విచ్చు వేసి రెండు నిమిషాలు విన్నాడు. మోటారు కాలిపోయినదనీ, గేర్ బాక్సు కూడ పోయినదనీ, బాగుచేయుటకు అయ్యే ఖర్చుతో కొత్త యంత్రం సగం వస్తుందనీ చెప్పినాడు. పాతదానిని తానే వెయ్యి రూపాయలకు తీసికొని వెళ్ళగలనని కూడ అన్నాడు. మేమూ సరేనన్నట్లు తల ఊపినాము. కార్యాలయంలో ఏ కాంట్రాక్టరైనా ఇటువంటి నివేదిక ఇచ్చి ఉంటే, పరీక్షల ఫలితాలేవి అని నిలదీసి ఉండేవారము!

కొత్తది కొనేలోగా మా శ్రీమతి రెండు రోజులు చేతితోనే బట్టలు ఉతికినది. రెండవనాటి సాయంత్రానికి ఆమె మణికట్టు వాచినది. ఆ సమయంలో బాబాయి గారు మా ఇంటికి వచ్చి సంగతి అడిగినారు.

"మోటారు కాలిపోనాదని ఎలా తెలిసింది ఇంజనీరు బాబూ? కాలిన వాసన వచ్చిందా?"

"రాలేదు బాబాయి గారూ."

"ఫ్యూజు ఎగిరిందా?"

"లేదు."

"మరి మూలుగుతున్న రోగిని సచ్చిపోనాడంటే ఎలాగ? ముందు మూత విప్పండి."

మూలుగు వినబడినంత మాత్రాన మోటారు బాగున్నట్లు కాదు. వైండింగులలో ఒకటి తెగినా మోటారు మూలుగుతూనే ఉంటుంది. అయినను వారు చెప్పిన దారి సరియైనది. పరీక్షించకుండ తీర్పు చెప్పరాదు.

కెపాసిటరు చేసే పని

ఇంటికి వచ్చే విద్యుత్తు సింగిల్ ఫేజు. దానికి కలిపిన ఒక్క వైండింగు మోటారును దానంతట అది తిరగనీయదు. అయస్కాంత క్షేత్రం ముందుకు, వెనుకకు ఊగుతుందే తప్ప చుట్టూ తిరగదు. అందువలన రెండవ వైండింగును అమర్చి, దానితో వరుసలో ఒక కెపాసిటరును కలుపుతారు. కెపాసిటరు ఆ వైండింగులోని ప్రవాహాన్ని కాలంలో ముందుకు జరుపుతుంది. ఈ రెండు ప్రవాహాల మధ్య ఏర్పడిన తేడా వలననే క్షేత్రం గుండ్రంగా తిరిగి మోటారు కదులుతుంది. ఉతికే మోటారులో రెండు వైండింగులు సమానంగా ఉంటాయి. టైమరు వీటిని మార్చి మార్చి కలపడం వలన పల్సేటరు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. కెపాసిటరు బలహీనపడితే మోటారుకు కదిలే శక్తి ఉండదు. మూలుగు మాత్రం మిగులుతుంది.

మేము ప్లగ్గు తీసివేసి, యంత్రాన్ని గోడ నుండి జరిపి, వెనుక మూత విప్పినాము. పల్సేటరును చేతితో త్రిప్పగా సులువుగా తిరిగినది. కనుక గేర్ బాక్సు బిగుసుకొనలేదు. మోటారు వైండింగులు రెంటి నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిచినాము. రెండూ సమానంగా ఉన్నవి. తరువాత కెపాసిటరును ఒక రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి కొలువగా, 10 మైక్రోఫారడ్లు ఉండవలసిన చోట 3.8 మాత్రమే ఉన్నది. దాని పొట్ట కూడ కొద్దిగా ఉబ్బినది. పాత కెపాసిటరును చేత పట్టుకొని ఖరగ్‌పూర్ గోల్‌బజారుకు వెళ్ళి, అదే విలువ గల కొత్తదానిని 110 రూపాయలకు తెచ్చి అమర్చినాము. స్విచ్చు వేయగానే యంత్రం తిరిగినది.

అసలు తప్పు

వ్యాసం ఇక్కడితో ముగిసి ఉంటే మాకు గౌరవంగా ఉండేది. విజయగర్వంతో శ్రీమతిని పిలిచి, బట్టలు వేయుమన్నాము. ఆమె వచ్చినది గాని, యంత్రాన్ని ముట్టుకొనక ముందు లోపలికి వెళ్ళి రబ్బరు చెప్పులు తొడుగుకొని వచ్చినది.

"ఇంట్లో చెప్పులెందుకు?" అని అడిగినాము.

"తడి చేత్తో ముట్టుకుంటే చీమ కుట్టినట్లుంటుందని మీతో ఎన్నిసార్లు చెప్పానండీ! చెప్పులు వేసుకోమని మీరే కదా అన్నారు?"

నిజమే. వేసవిలో ఒకసారి, ఉగాది ముందు ఒకసారి ఆమె చెప్పినది. వార్తాపత్రిక నుండి తల ఎత్తకుండ మేము ఆ సలహా ఇచ్చినాము. కర్మాగారంలో ఏ హెల్పరైనా "మోటారు ముట్టుకుంటే షాకు కొడుతున్నది" అని చెప్పి ఉంటే, ఆ క్షణమే సప్లయి ఆపించి, పరీక్ష పూర్తి అయ్యే వరకు ఎవరినీ దగ్గరకు రానిచ్చేవారము కాదు. ఇంటిలో మాత్రం అదే ఫిర్యాదును చెప్పులతో సరిపెట్టినాము. ఆ మాట తలచుకొంటే ఇప్పటికీ మాకు సిగ్గుగా ఉంటుంది.

స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, రెండవ విడత పరీక్ష మొదలు పెట్టినాము. ముందుగా గోడలోని సాకెట్టు. ఫేజుకు, న్యూట్రలుకు మధ్య 228 వోల్టులు ఉన్నవి. ఫేజుకు, ఎర్తుకు మధ్య కూడ సుమారుగా అంతే ఉండవలెను. అక్కడ మీటరు ముల్లు ఒకచోట నిలువక పది, ఇరవై వోల్టుల మధ్య ఊగినది. మెయిను ఆపి సాకెట్టు విప్పి చూడగా, ఎర్తు తీగ అసలు లేదు! మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నది, మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నది, లోపల మాత్రం రెండే తీగలు. తొమ్మిదేళ్లు ఆ యంత్రం ఎర్తు లేకుండానే నడిచినది.

తరువాత మోటారు. వైండింగుకు, బాడీకి మధ్య 500 వోల్టుల మెగ్గరుతో కొలువగా ఇన్సులేషను 0.4 మెగాఓమ్‌లు మాత్రమే చూపినది. ఒక మెగాఓమ్ కంటె తక్కువగా ఉంటే మేము కర్మాగారంలో ఏ చిన్న మోటారుకూ సప్లయి ఇవ్వము. ఇన్సులేషను దెబ్బతిన్నదా, లేక తడిసినదా? ఆ సాయంత్రం బాబాయి గారు వచ్చి, టార్చి వేసి చూచి, ఒకే ప్రశ్న వేసినారు. "ఈ తడి ఎక్కడి నుంచి వచ్చింది బాబూ?"

మొదటిరోజు మూత విప్పినప్పుడు ఆ తడిని మేమూ చూచినాము, వర్షాకాలపు చెమ్మ అనుకొన్నాము. ఇప్పుడు టబ్బులో నీరు పోసి, ప్లగ్గు పెట్టకుండానే వెనుక కూర్చుండి గమనించినాము. నీరు బయటకు పోయే గొట్టం వాల్వు పెట్టెకు కలిసే చోట రబ్బరు పగిలినది. అక్కడి నుండి బొట్టు బొట్టుగా నీరు బెల్టు మీదకు, బెల్టు నుండి మోటారు మీదకు చేరుచున్నది. తడికి బెల్టు జారుచున్నది. కెపాసిటరు కొనలు చిలుము పట్టినవి. మోటారు ఇన్సులేషను పడిపోయి, కరెంటు కొద్దికొద్దిగా బాడీకి చేరుచున్నది. ఎర్తు లేనందున ఆ కరెంటుకు మా శ్రీమతి చేయి తప్ప వేరొక దారి లేకపోయినది.

కెపాసిటరు మార్చి మేము సంబరపడినాము గాని, అది లక్షణానికి చేసిన వైద్యమే. గొట్టాన్ని అలాగే వదలి ఉంటే కొత్త కెపాసిటరు కూడ కొద్ది నెలలలో పాడై ఉండేది. అంతకంటె ఘోరమైనది జరుగకపోవడం మా అదృష్టం.

గొట్టం 90 రూపాయలు, బెల్టు 140 రూపాయలు. మోటారును విప్పి, ఒక చెక్కపెట్టెలో 60 వాట్ల బల్బు వెలిగించి, దాని వెచ్చదనంలో రెండు రోజులు ఆరబెట్టినాము. ఇన్సులేషను 20 మెగాఓమ్‌లు దాటినది. మొత్తం యంత్రం మరమ్మతుకు 340 రూపాయలు ఖర్చయినది. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత ఇంటికి ఎర్తు తీయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుటకు 3,800 రూపాయలు అయినది. యంత్రం కంటె ఇంటి మరమ్మతుకు పదకొండు రెట్లు ఖర్చు!

ఇంటనే చూడదగిన లోపాలు

కొద్దిపాటి ఓర్పు, ఒక స్క్రూడ్రైవరు, స్పానర్లు, మల్టీమీటరు ఉన్నవారు ఈ క్రింది లోపాలను ఇంటనే గుర్తింపవచ్చును.

1. మోటారు మూలుగుతుంది, తిరగదు: పల్సేటరు క్రింద నాణెమో, గుండీయో ఇరికినదేమో ముందు చూడవలెను. చేతితో సులువుగా తిరిగితే కెపాసిటరును అనుమానింపవలెను.

2. మోటారు తిరుగుతుంది, పల్సేటరు తిరగదు: బెల్టు తెగినది లేదా వదులైనది. బెల్టు మీద ముద్రించిన నంబరు చూచి అదే తీసికొనవలెను. మరీ బిగించితే బేరింగులు అరుగుతాయి.

3. ఆరబెట్టే టబ్బు తిరగదు: మూత క్రింది స్విచ్చు, బ్రేకు తీగ, ఆ మోటారుకు ప్రత్యేకంగా ఉండే చిన్న కెపాసిటరు, వరుసగా ఈ మూడింటిని చూడవలెను.

4. ఉతికే టబ్బులో నీరు నిలువదు: వాల్వు రబ్బరు మీద దారపు పోగులు, పిన్నులు చిక్కుకొని ఉండవచ్చు. శుభ్రపరచిన చాలును.

5. ఫుల్లీ ఆటోమేటిక్ యంత్రంలో నీరు నెమ్మదిగా నిండుతుంది: గొట్టం చివర గల చిన్న జల్లెడ మూసికొని పోయి ఉంటుంది. హిజ్లీ ఎర్రమట్టి నేల. మా బోరు నీటితో వచ్చే సన్నని ఎర్ర ఇసుకకు ఆ జల్లెడను నెలకొకసారి కడుగక తప్పదు.

6. నీరు బయటకు పోదు: ముందు తలుపు గల యంత్రాలలో క్రింది భాగాన పంపు ఫిల్టరు ఉంటుంది. గిన్నె పెట్టుకొని నెమ్మదిగా విప్పవలెను. వేడి నీటితో ఉతికిన వెంటనే విప్పరాదు.

ఎలక్ట్రానిక్ బోర్డు, డ్రమ్ము బేరింగులు, హీటరు, ఇంటి వైరింగు, ఇవి నిపుణులకే వదలవలెను. గ్యారంటీ గడువులో ఉన్న యంత్రాన్ని విప్పరాదు.

తప్పనిసరి జాగ్రత్తలు

స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు తీసి కంటికి కనబడేటట్లు ఉంచవలెను. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులో విద్యుత్తు నిలువ ఉంటుంది. 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషను గల కొనలతో కొన్ని సెకన్లు తాకించి దానిని ఖాళీ చేయవలెను. కొత్త కెపాసిటరు మైక్రోఫారడ్లలో పాతదానితో సమానంగాను, వోల్టేజీలో సమానంగా లేక ఎక్కువగాను ఉండవలెను. తీగలు విప్పక ముందు సెల్‌ఫోనుతో ఫోటో తీసికొంటే తిరిగి కలుపునపుడు పొరపాటు జరగదు. ముట్టుకొంటే "చీమ కుట్టినట్లు" ఉన్న యంత్రాన్ని ఆ క్షణమే ఆపివేయవలెను. ఎర్తు లేదని సాకెట్టులో ఎర్తు కొనను న్యూట్రలుకు గాని, నీటి గొట్టానికి గాని కలపడం ప్రాణాపాయం.

భాగాలు దొరికితేనే మరమ్మతు

భాగం మార్చుదమన్నా అది బజారులో దొరకవలెను గదా! ఈ విషయంలో ప్రభుత్వాలు కూడ మేలుకొంటున్నవి. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "మరమ్మతు హక్కు" గూర్చి ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరం డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోనులు, మోటారు వాహనాలతో పాటు గృహోపకరణాలు కూడ దాని పరిధిలో ఉన్నవి. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక నమూనా వాషింగ్ మెషీను అమ్మకం నిలిచిపోయిన పిమ్మట కూడ పది సంవత్సరాల పాటు దాని ముఖ్య భాగాలను అందుబాటులో ఉంచవలెను. ఇక నిజంగా కాలం తీరిన యంత్రం, మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నిబంధనల క్రింద ఈ-వ్యర్థమే అవుతుంది. దానిని నమోదైన రీసైక్లరుకు చేర్చడం మంచిది.

ఇప్పుడు మా యంత్రం వెనుక మూతకు, కర్మాగారంలో మోటార్లకు ఉన్నట్లే, ఒక చరిత్ర కార్డు అంటించి ఉన్నది. మార్చిన భాగం, తేదీ, ఇన్సులేషను విలువ, ఎర్తు పరీక్ష అని నాలుగు వరుసలు. కార్డును గోడకు చూపించిన బాబాయి గారు ఐదవ వరుస ఒకటి గీయించినారు. "తనిఖీ అధికారి సంతకం" అని. మూడు నెలలకొకసారి ఎర్తు పరీక్ష మేము చేస్తాము. సంతకం మా శ్రీమతి చేస్తుంది. ఫిర్యాదు చేసినది ఆమె గనుక, లోపం సరిదిద్దబడినదని ధ్రువీకరించవలసినది కూడ ఆమెయే. మొదటి తనిఖీనాడు ఆమె చెప్పులు విప్పి, చేయి తడిపి, కొంచెం తటపటాయించి యంత్రం మీద చేయి ఉంచినది. ఏమీ లేదని తల ఊపి, ఎడమ చేతితో కార్డు పట్టుకొని, కుడి చేతితో సంతకం చేసినది.

మిత్రులారా, ఈ సంచిక చదివిన సాయంత్రమే మీ ఇంటివారిని ఒక మాట అడుగవలసినదిగా మనవి. "ఏ యంత్రమైనా ముట్టుకుంటే చీమ కుట్టినట్లు ఉంటున్నదా?" అని. జవాబు అవునని వస్తే, చెప్పులు వేసికొనుమని మాత్రం చెప్పకండి.